శుక్రవారానికి దాచిన ఛార్జింగ్

మా పత్తి చేను చెన్నూరు దాటి లోపలికి, ప్రాణహిత ఒడ్డున ఉంది. అక్కడ ఫోన్‌కు బుద్ధి నిలకడగా ఉండదు. నాలుగు సాళ్లు అటు నడిస్తే నది అవతలి మహారాష్ట్ర టవర్‌ను పట్టుకుంటుంది, ఇటు వస్తే మళ్లీ మన టవర్. ఆ రెండింటి మధ్య తిరిగి తిరిగి ఛార్జింగ్ అయిపోయి మధ్యాహ్నానికల్లా ఆగిపోయేది. నాకు ఒళ్లు మండేది. మిగతా రోజులు పోతే పోనీ, శుక్రవారం కూడా అంతే.

శుక్రవారం ఖతర్‌లో మా ఆయనకు సెలవు. గదిలో వాళ్లందరికీ ఆ రోజు వంట ఆయనదే. నేను చేనులో సద్ది విప్పే వేళకు ఆయన వంటగదిలో ఒక్కడే పొయ్యి ముట్టిస్తాడు. ఫోన్‌ను నూనె డబ్బాకు ఆనించి వీడియో పెడతాడు. నేను తింటాను, ఆయన వండుతాడు, నేను వంకలు పెడతాను. వారం మొత్తంలో ఇద్దరం ఒకచోట కూర్చున్నట్టుండేది ఆ కాసేపే. సాయంత్రం మాట్లాడదామంటే గది నిండా మనుషులుంటారు, చెప్పాలనుకున్న ముచ్చట నోట్లోనే ఆగిపోతుంది.

మా తోటికోడలికి ఫోన్ సంగతులన్నీ తనకే తెలుసని ధీమా. ఒకరోజు పత్తి ఏరుతూ నా ఫోన్ లాక్కుంది.

“అక్కా, గిది ఫైవ్‌జీ కోసం దేవులాడుతుంది. గీడ ఫైవ్‌జీ ఏడికెల్లి వస్తది? ఫోర్‌జీల పెట్టుకో. గా అవతలి టవర్ పట్టుకునుడు గూడ బంద్ చెయ్యి.”

“గట్ల చేస్తె ఛార్జింగ్ ఉంటదా చెల్లె?”

“ఉండకపోతె నన్నడుగు.”

ఎవరో చెప్పారని నమ్మే మనిషిని కాను నేను. ఒకరోజు అట్లా, ఒకరోజు ఇట్లా పెట్టి చూశాను. ఇంట్లో ఏ తేడా లేదు. టవర్ మా వాడకట్టు పక్కనే, ఎట్లా పెట్టినా ఒకటే. చేనులో మాత్రం నిజంగానే పొద్దు వాలేదాకా నిలిచింది.

సంబరపడి అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఫోర్‌జీకే ఇంత మిగిలితే టూజీకి ఇంకెంత మిగులుతుందో అనిపించి దాన్నీ నొక్కాను. మర్నాడు సాయంత్రానికి ఛార్జింగ్ దాదాపు కదలనే లేదు. పత్తి ఏరే ఆడవాళ్లందరికీ చూపించి గొప్పలు పోయాను. అడిగిన వాళ్లకూ, అడగని వాళ్లకూ నేనే మార్చిపెట్టాను.

శుక్రవారం వచ్చింది. ఫోన్‌ను పత్తి బస్తాకు ఆనించి సద్ది విప్పాను. ఛార్జింగ్ నిండుగా ఉంది. కాల్ మాత్రం రాలేదు. అన్నం కలిపాను గానీ ముద్ద దిగలేదు. ఎండలో పనిచేసే మనిషి, ఏమైందోనని ఫోన్‌నే చూస్తూ కూర్చున్నాను. చేతిలో ముద్ద అట్లాగే ఉండగా తోటికోడలి ఫోన్ మోగింది. మా ఆయనే. ఆమె స్పీకర్ పెట్టింది.

“మీ అక్క అలిగిందా ఏంది? ఎన్నిసార్లు చేసినా కలుస్తలేదు. ఈడ పరేషాన్ల పప్పు మాడగొట్టిన!”

ఆయన గొంతు వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. తోటికోడలు నా ఫోన్ తీసి చూసి, పత్తి కుప్ప మీద కూలబడి నవ్వింది.

“అలగలే బావా. టూజీల పెట్టుకున్నది. వీడియో ఎట్ల కలుస్తది? ఛార్జింగ్ మాత్రం మస్తుగున్నది!”

అందరూ నవ్వారు. నేను మార్చిపెట్టిన వాళ్లు మాత్రం నవ్వలేదు, తమ ఫోన్లు పట్టుకుని నా మీదికి వచ్చారు.

ఇప్పుడు ఫోర్‌జీలోనే ఉంచుతాను. శుక్రవారం పొద్దున పాటలు కూడా పెట్టను. అయినా వీడియో మొదలైందంటే ఏ సెట్టింగూ పనిచేయదు, ఛార్జింగ్ కళ్ల ముందే దిగిపోతుంది. కిందటి శుక్రవారం ఆయన కూరలో కారం వేస్తుండగా నా ఫోన్‌లో ఛార్జింగ్ ఎర్ర గీతకు వచ్చింది. చెప్పాను.

“అయితె పెట్టెయ్యే. ఇంటికి పోయేదాక ఫోన్ ఉండాలె గద.”

“ఉండి ఎవ్వలికి చెయ్యాలె? పొద్దటి సంది దాచింది నీకోసమే. ఉప్పెయ్యి, చూస్తున్న.”

నవ్వుకుంటూ వేశాడు. ఎక్కువే వేశాడు. చెప్పేలోపు ఫోన్ ఆగిపోయింది. ఆ కూర ఎట్లా తిన్నాడో పాపం, నేను మాత్రం ఆ పూట కడుపు నిండా తిన్నాను.