అవ్వ ఆకులో ఉప్పు

నిన్న సాయంత్రం బెళ్ళందూరులోని మా అపార్ట్‌మెంటులో ఎదురింటావిడ తలుపు తట్టి, ఒక ప్లాస్టిక్ డబ్బా నా చేతిలో పెట్టి, "మీ మేనత్తగారికండీ, మూడ్‌కి చాలా మంచిదట, అంతా నాచురల్, ప్రిస్క్రిప్షన్ కూడా అక్కర్లేదు" అని చెప్పి వెళ్ళింది. మంచి మనిషి, మనసారా ఇచ్చింది. మూత తిప్పానో లేదో బ్రాహ్మీ ఆకు, పిప్పళ్ళు, కాగిన నెయ్యి కలిసిన వాసన గుప్పున వచ్చి, నన్ను ముప్పై ఏళ్ళు వెనక్కి, బొమ్మనహళ్ళిలో మా పెంకుటింటి వంటగది గడప మీదికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది.

ఆ ఇల్లు హోసూరు రోడ్డుకు వెనక సందులో ఉండేది. ముందు గదిలో నాయన గుండీలు, దారపు ఉండలు అమ్మే అంగడి, నడిమింట్లో అత్త కుట్టుమిషను, వెనక అవ్వ రాజ్యమేలే వంటిల్లు. పొద్దున గార్మెంట్ ఫ్యాక్టరీ సైరను మోగితే క్యారియర్లు పట్టుకున్న ఆడవాళ్ళు మా సందు నిండా బారులు తీరి నడిచేవాళ్ళు. చలికాలం వచ్చిందంటే సందంతా చిక్కుళ్ళలాంటి అనపకాయల వాసనే. మంచుకు తడిసిన కాయలు గోతాలతో దిగేవి. అవ్వ వాటిని వలిపించి, నీళ్ళలో నానబెట్టి, పిల్లలందరినీ పళ్ళెం చుట్టూ కూర్చోబెట్టేది. గింజను రెండువేళ్ళ మధ్య పితికితే పప్పు తుపుక్కున ఎగిరి ఎవరి ముక్కుకో తగిలేది, ఆ తగిలినవాళ్ళు ఆటలో ఓడినట్టు. ఆ పితికిన పప్పుతో పులుసు చేసి, వేడి సంకటి ముద్ద పక్కన పోస్తే, మా ఇంట్లో మాట్లాడే నోరే ఉండేది కాదు.

రత్నత్త మా నాయనకు చెల్లెలు. ఫ్యాక్టరీలో శాంపిల్ టైలరు. కొత్త రకం చొక్కా ఏది వచ్చినా మొదటిది ఆమె చేత్తోనే కుట్టాలి, దాన్ని చూసుకునే మిగతా వందమందీ కుట్టాలి. ఆ బల్ల దగ్గర కూర్చోవడం ఆమెకు కిరీటం పెట్టుకున్నంత. కానీ అంతకుముందు ఆమెకు కొన్ని నెలలు పండగ, కొన్ని నెలలు చీకటి. పండగ నెలల్లో నిద్రపోయేది కాదు, పాడేది, కిటికీ తెరలు చించి సందులో ఆడపిల్లలందరికీ గౌన్లు కుట్టేసేది. చీకటి నెలల్లో గోడవైపు తిరిగి పడుకునేది, మమ్మల్ని గట్టిగా నవ్వొద్దనేవాళ్ళు. పెద్దాసుపత్రిలో దానికి బైపోలార్ అని పేరు చెప్పి, లిథియం మాత్రలు రాసిచ్చారు. ఆ మాత్రలతో అత్త మధ్య దారిలోకి వచ్చింది. లేచేది, జడ వేసుకునేది, పనికెళ్ళేది. మాకు మాత్రం ఆ గౌన్ల అత్త మీద లోపల బెంగగానే ఉండేది.

మాత్రల వల్ల ఆమె చేతివేళ్ళు సన్నగా వణికేవి. అన్నం తినేటప్పుడు కనబడనంత వణుకు, సూదిలో దారం ఎక్కించేటప్పుడు కనబడేంత వణుకు. ఒకరోజు ఫ్యాక్టరీలో ఆమెను శాంపిల్ బల్ల నుంచి లేపి గుండీల వరుసలో కూర్చోబెట్టారు. ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా గడప మీద కూలబడి, "చెయ్యి నిలబడల్యా వదినా, ఇంక నేనెందుకు?" అని మా అమ్మతో అంది. ఆ మాట వంటింట్లో ఉన్న అవ్వ చెవిన పడింది.

మర్నాడే అవ్వ లేహ్యం సీసా తెచ్చింది. మాత్రలు కొనాలంటే డాక్టరు చీటీ చూపించాలి, లేహ్యానికి ఏ చీటీ అక్కర్లేదు, సబ్బు అడిగినట్టు అడిగితే ఇస్తారు. నరాల బలానికి అని పైన రాసుంది. మాత్రలు మానమని అవ్వ అనలేదు, అవీ ఉండనీ, ఇదీ ఉండనీ అనుకుంది. అయితే మా ఇంట్లో లేహ్యం అంటే పథ్యం. సీసా మీద అలా ఎక్కడా రాయకపోయినా, అవ్వకు ఆమె అమ్మ నేర్పిన పద్ధతి అది. ఉప్పు, పులుపు, కారం మూడూ మానాలి, ముఖ్యంగా ఉప్పు.

"ఒక్క మండలం ఓర్చుకోమే రత్నా, చెయ్యి రాయి మాదిరి నిలబడతాది."

అత్త ఓర్చుకుంది. పక్కనే అవ్వ కూడా తన పళ్ళెంలో ఉప్పు లేని చప్పిడి ముద్దే పెట్టుకుంది. పథ్యం చేసే బిడ్డకు తోడుగా తల్లి కూడా పథ్యం తినాలట. అనపకాయల కాలమంతా మేము పులుసు జుర్రుకుంటుంటే, ఆ తల్లీకూతుళ్ళు గోడవారన కూర్చుని చప్పిడి పప్పు మింగేవాళ్ళు. ఎంత ప్రేమ ఉంటే అలా తినగలరో నాకు ఇప్పటికీ అందదు.

కొన్నాళ్ళకు అత్త చెయ్యి నిలబడకపోగా మరింత వణికింది. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు తొణికేవి. వాంతులు మొదలయ్యాయి, గోడ పట్టుకుని నడిచేది. ఇంటికొచ్చిన వాళ్ళంతా ఆ ఇంగ్లీషు మాత్రల వేడే ఇదంతా అన్నారు. అవ్వ మాత్రల డబ్బా తీసి అటకెక్కించింది, లేహ్యం మాత్రం ఆపలేదు. వారం తిరిగేసరికి వాంతులు తగ్గాయి, వణుకు పోయింది. అత్త సూది ఎత్తి పట్టుకుని ఒక్కసారికే దారం ఎక్కించి చూపించినప్పుడు అవ్వ సంతోషం పట్టలేక ఏడ్చింది, లేహ్యం సీసాకు పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టింది. శాంపిల్ బల్ల తిరిగొచ్చింది. ఆ సాయంత్రం ఇంట్లో కేసరిబాత్ చేశారు.

ఆ తర్వాత మా గౌన్ల అత్త తిరిగొచ్చింది. పాటలు, నవ్వులు, సందులో పిల్లలందరికీ కొలతలు. మేము ఎగిరి గంతేశాం. కొద్దిరోజుల్లోనే ఆ నవ్వు చూస్తే భయం వేయసాగింది. తినదు, పడుకోదు, ఆపకుండా మాట్లాడుతుంది. ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీలో బయ్యర్ల కోసం ఉంచిన గుడ్డంతా గౌన్లకని కత్తిరించేసి, ఆ ముక్కలు చంకనేసుకుని హోసూరు రోడ్డు మధ్యలో నిలబడి లారీలు ఆపింది, మీ ఇంట్లో ఆడపిల్లలుంటే తీసుకోండప్పా అంటూ. ఎవరో పుణ్యాత్ములు పక్కకు లాగారు. నాయన అటునుంచి అటే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు, వెనకే అవ్వ, అవ్వ కొంగు పట్టుకుని నేను.

అక్కడి డాక్టరమ్మ కన్నడంలో నిదానంగా అన్నీ అడిగింది. తిండి దగ్గరికి వచ్చేసరికి అవ్వ గర్వంగానే పథ్యం సంగతి చెప్పింది. డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. ఈ మాత్ర కూడా ఒక రకం ఉప్పేనని, తిండిలో ఉప్పు ఒక్కసారిగా తగ్గిపోతే ఒళ్ళు దీన్ని బయటికి వదలకుండా పట్టేసుకుంటుందని, అది పేరుకుపోవడం వల్లే వాంతులూ వణుకూ వచ్చాయని, మాత్ర ఆగింది కాబట్టే వణుకు ఆగిందని, మాత్ర ఆగింది కాబట్టే ఇప్పుడిలా అయిందని, నాలాంటి పిల్లకు కూడా అర్థమయ్యేలా చెప్పింది. ఉప్పు ఎక్కువా వద్దు, తక్కువా వద్దు, రోజూ తినేంత తినాలి, రక్తపరీక్షలు మానొద్దు, ఏ లేహ్యమైనా ముందు మమ్మల్ని అడగండి అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే అవ్వకు తేలికగా ఉండేదేమో.

"నా చేత్తోనే చేసినానా అమ్మా?" అని మాత్రం అడిగింది అవ్వ.

అత్త కోలుకుంది. శాంపిల్ బల్ల మళ్ళీ రాలేదు. కొత్తగా చేరే అమ్మాయిలకు కుట్టు నేర్పే పని ఇచ్చారు, ఆ పనికి వణికే చెయ్యి అడ్డు కాలేదు. అవ్వ ప్రతి పూటా మాత్ర తానే అందించి, అత్త పళ్ళెంలో కూరలన్నీ రుచి చూసి, ఉప్పు సరిపోయిందో లేదో చూశాకే తిననిచ్చేది. తాను మాత్రం చప్పిడే తిన్నది. ఆ రోజు నుంచి తన పళ్ళెంలోకి మళ్ళీ ఉప్పు రానివ్వలేదు. అమ్మ బతిమాలింది, నాయన కోప్పడ్డాడు, అత్త ఏడ్చింది. "నాకు రుచి పోయిందిలే" అనేది అవ్వ. రుచి పోయిందో, తనకు తాను వేసుకున్న శిక్షో మా అందరికీ తెలుసు. నేను కాలేజీలో చేరిన ఏడు, ఒక చలికాలం పొద్దున, అలా చప్పిడి నోటితోనే వెళ్ళిపోయింది.

ఆ పెంకుటిల్లు లేదు, అక్కడ నాలుగంతస్తుల పీజీ హాస్టల్ ఉంది. సైరను మోగదు. అనపగింజలు ఇప్పుడు ఏడాది పొడుగునా వలిచిన ప్యాకెట్లలో దొరుకుతాయి గానీ, ఆ మంచు వాసన వాటికి లేదు. ముక్కుకు తగిలిన పప్పుకు ఓడిపోయే పిల్లలూ లేరు.

ఈరోజు పెద్దల అమావాస్య. ఆనేకల్‌లో కుట్టు నేర్పుకుంటూ ఉండే అత్త పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. ఎదురింటావిడ ఇచ్చిన డబ్బాను కళ్ళజోడు సర్దుకుని చదివి, "మంచి మాట చెప్పి వాపసు ఇచ్చేయమ్మా, పాపం ప్రేమతో ఇచ్చుండాది" అంది. తన సంచిలోంచి మాత్ర తీసి వేసుకుంది. తర్వాత అవ్వ ఫోటో ముందు ఆకు పరిచి, సంకటి పెట్టి, ప్యాకెట్టు గింజలతోనే చేసిన పితికిన పప్పు పులుసు పోసింది. పెద్దలకు పెట్టే ఆకులో ఉప్పు విడిగా వడ్డించరని మా వైపు పట్టింపు. అయినా అత్త ప్రతి ఏడాదిలాగే ఉప్పు జాడీ తెరిచింది.

"తినుమా, ఇంక చాలు" అని, వణికే వేళ్ళతో చిటికెడు ఉప్పు ఆకు మూలన పెట్టింది. సగం ఆకులో, సగం నేల మీద పడింది. నేల మీద పడిన దాన్ని కూడా వేలికొసతో అద్ది, అవ్వ ఆకులోనే వేసింది.