తహసిల్దారు తోటల నీలిగడ్డి

నవ్వుతె నవ్వున్రి గని, ముందుగాల చాయ్ కిందవెట్టి వినున్రి. గీ రెండు చేతులున్నయి గదా, గివ్వే నా తమ్ముణ్ణి నెల దినాలు కచ్చీరు కొట్ల ఉంచినయి!

మా మల్లిగాడు వెట్టికి బండి తోలనన్నడు. పెండ్లానికి నెలలు నిండినయి, ఇడిసిపెట్టి ఎట్ల వోవాలె అన్నడు. అంతే, గుంజుకపోయి సిద్దిపేటల కొట్ల ఏసిన్రు. మా అవ్వ అన్నం ముట్టలే. "రాజిగా, పోయి కాళ్లు మొక్కన్న తోల్కరా బిడ్డా" అన్నది. చిన్నకోడూరు నుంచి నడిచొచ్చిన.

తహసిల్దారు సాబు ఇంకా రాలే. జవాను, "గా తోట కాడ కూసో. సాబు ఇయ్యాల మంచిగున్నడు, మీవోణ్ణి ఇడుస్తడు" అన్నడు.

కూసున్న. ఎంతసేపని కూసుంట? కలుపు తీసే దినాలాయె, చేతులు ఊకుంటయా! చూస్తె ఏమున్నది, గులాబి చెట్ల నడుమ కుచ్చులు కుచ్చులు గడ్డి. అది గూడ పచ్చగ లేదు, నీలంగ, బూడిద చల్లినట్టున్నది! అయ్యో, తోటకు తెగులు తగిలింది, గిది పీకితె సాబు ఖుషీ అయితడు అనుకున్న. రుమాలు నడుముకు చుట్టి మొదలువెట్టిన. వేర్లతోని సహా పీకిన!

కొట్టు కిటికీల మల్లిగాడు కనవడ్డడు. రెండు చేతులు బయటవెట్టి ఊపుతుండు. అన్నను చూసి పానం లేచొచ్చింది పాపం అనుకొని నేను గూడ ఊపిన. వాడు ఇంకా జోరుగ ఊపిండు. నోరు తెరిస్తె జవాను కొడతడు, అందుకే తలకాయ ఊచలకేసి కొట్టుకున్నడు. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి. ఇంకింత జోరుగ పీకిన.

సాబు వచ్చిండు. దండం వెట్టి కుప్ప చూపిచ్చిన. "మొత్తం సాఫ్ చేసిన దొరా!"

సాబు మొఖం చూసి జవాను రెండడుగులు ఎనుకకు జరిగిండు. గది పట్నం నుంచి కుండీలల్ల తెప్పిచ్చిన షోకు గడ్డియట! చలిదేశపు గడ్డియట! దొరసాని తన చేత్తోని నాటిందట! మరి దానికి రోజు నీళ్లు వోసేది ఎవడనుకున్నరు? కొట్ల ఉన్న మా మల్లిగాడే!

సాబు ఒర్రలే. "వీణ్ణి ఇయ్యాల ఇడుద్దామనుకున్న. ఇగ గడ్డి బతికినంక ఇడుస్త. అప్పటిదాంక నువ్వు గూడ రోజు రా" అన్నడు.

మళ్ల నాటిన. బతుకుతదా? మన వానలకు వేర్లు కుళ్లవట్టె. వాన పడాలని మొక్కెటోణ్ణి, గడ్డి మీద వాన పడకుంట గొంగడి వట్టుకొని నిలవడ్డ! ఇంటికి వోతె అవ్వ కొడుకు సంగతి అడుగకపోయేది, "గడ్డి ఎట్లున్నదిరా?" అని అడిగేది. మల్లిగానికి బిడ్డ పుట్టిందని గూడ గా గొంగడి కింది నుంచే ఒర్రి చెప్పిన. వాడు ఊచలు వట్టుకొని ఏడ్చిండు.

నెలకు పట్నం నుంచి కొత్త కుండీలొచ్చినయి. అప్పుడు ఇడిసిన్రు.

తొవ్వల మా చేను. జొన్న కనవడనే లేదు, నడుమెత్తు గడ్డి! కలుపు తీసెటోళ్లం ఇద్దరం కచ్చీరుల ఉంటిమి. ఏడాది తిండి అండ్లనే వోయింది. మల్లిగాడు గట్టు మీద కూలవడ్డడు. "పీకు అన్నా! గీడ నిన్ను వద్దనెటోడు లేడు" అన్నడు.

వంగి ఒక కుచ్చు వట్టుకున్న. చెయ్యి ఆగింది. అటు ఇటు చూసి, మెల్లగ అడిగిన.

"మల్లిగా, గిది ఏ దొరదన్న కాదు గద?"