బల్ల మీద ఆఖరి పోత

మా మామగారు పోయిన కబురు నాకు స్కూల్లో తెలిసింది. పదో తరగతి పిల్లల చేత ల్యాబ్‌లో గాజు గొట్టాలు కడిగిస్తున్నాను. మా ఆయన ఫోన్ చేసి, "నాయన అంబత్తూరులో టీ తాగతా తాగతా కుర్చీలోనే ఒరిగిపోయినాడంట" అన్నాడు. తాను చేస్తున్న బల్ల మట్టంగా ఉందో లేదో చూసుకోవాలి, తన రసమట్టం పాడైపోయింది, అక్కడి పాత స్నేహితుడి వర్క్‌షాపులో ఒకటి అడిగి తెచ్చుకుంటానని ఆ పొద్దునే మామగారు బస్సెక్కారు. ఇది జరిగి మూడు నెలలయింది. ఆ రసమట్టం ఆయనతో పాటే ఇంటికి వచ్చింది. మేం తిరిగివ్వలేదు, ఆ స్నేహితుడూ అడగలేదు.

అంబత్తూరు ఫౌండ్రీల్లో ఆయన నలభై ఏళ్ళు ప్యాటర్న్ మేకర్‌గా పనిచేశారు. కరిగిన ఇనుము పోయడానికి ముందు ఇసుకలో అచ్చు తీస్తారు. ఆ అచ్చు తీయడానికి కావలసిన కొయ్య నమూనా చెక్కడం ఆయన పని. ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది కాబట్టి నమూనాను కాస్త పెద్దదిగా చెక్కాలట. అందుకని వాళ్ళకు వేరే స్కేలు ఉంటుంది. దాని మీద అంగుళం మన అంగుళం కంటే వెంట్రుకవాసి పెద్దది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో తెలియక ఆ స్కేలుతోనే కిటికీ కొలిచి కర్టెన్లు కుట్టించాను. అవి కిటికీకి అరంగుళం పొట్టివయ్యాయి. ఆయన ఆ స్కేలు తీసుకెళ్ళి బీరువా పైన పెట్టారంతే.

ఇంట్లో ఎవరైనా గొడవపడితే ఆయన తీర్పు చెప్పేవారు కాదు. "చల్లారనీయండి. చల్లారితే ఏదైనా కొంచెం తగ్గతాది" అనేవారు. మా అమ్మాయికి చెప్పులు కొన్నా ఒక సైజు పెద్దవి కొనేవారు. చెప్పులు చల్లారవు కదా మామా అంటే, పాదాలు పెరగతాయి కదా అనేవారు.

అత్తయ్య పోయాక ఆయన మోకాళ్ళు మొరాయించాయి. మేమందరం నేల మీద కూర్చుని తింటుంటే ఆయన ఒక్కరే ప్లాస్టిక్ కుర్చీలో కంచం ఒడిలో పెట్టుకుని తినేవారు. మాకు అందులో ఏమీ తోచలేదు. ఆయనకు తోచింది. "మీరంతా ఆడ కింద, నేను ఈడ పైన. పంచాయితీ పెద్ద మాదిరి ఉండాది. బాగలేదమ్మా" అన్నారొకరోజు. బల్ల కొందామన్నాం. కొననివ్వలేదు. రెండేళ్ళ కిందట గాలివానకు మా వీధిలో నిద్రగన్నేరు చెట్టు పడిపోయినప్పుడు ఆయన రెండు పలకలు కోయించి మెట్ల కింద ఆరబెట్టి ఉన్నారు. అపార్ట్‌మెంటులో ఆ పలకలకు కాలు తగలని వాళ్ళు లేరు, మమ్మల్ని తిట్టుకోని వాళ్ళూ లేరు. అవి ఎందుకో ఆ రోజు తెలిసింది.

పలకల అంచులు చెట్టుకు ఎలా ఉన్నాయో అలాగే వంకరగా వదిలి, రెండింటినీ ఎదురెదురుగా పెట్టి, మధ్య సందులో, గట్టిపడితే గాజులా ఉండే ఎపాక్సీ రెసిన్ పోయాలని ఆయన ఆలోచన. ఇలాంటి బల్లలు ఫోన్లో చూశారు. వాటిలో మధ్య భాగం నది మాదిరి నీలంగానో ఆకుపచ్చగానో ఉంటుంది. "తాతా, ఎన్న కలర్ పోస్తావు?" అని మా అమ్మాయి అరవం కలిపి అడిగితే, మా ఆయన కిటికీలోంచి కనబడే మురికి ఏటిని చూపించి, ఇంకేం కలర్, కూవం కలర్ అన్నాడు. అందరం నవ్వాం. మామగారు నవ్వలేదు. "రంగు వద్దు. నీళ్ళు నీళ్ళ మాదిరి ఉండాల. మా నాయన ఈ కూవంలోనే ఈత నేర్చినాడంట. అడుగున ఉండే ఇసక కనిపించేదంట" అన్నారు.

సౌకార్‌పేట వెళ్ళి రెసిన్ ఒక డబ్బా, దాన్ని గట్టిపరిచే మందు ఒక డబ్బా ఆటోలో తెచ్చారు. దాంతో ఇచ్చిన కాగితం నేను చదివాను. ఒకేసారి మందంగా పోయకూడదు, పలచటి పొరలుగా పోయాలి, ఒక పొర ఆరాకే ఇంకొకటి అని రాసి ఉంది. రసాయనాలు కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుందని, మందంగా ఉంటే ఆ వేడి బయటికి పోయే దారి ఉండదని నేను చెప్పాను కూడా. ఆయన తల ఆడించారు. "నీ మాట సరే. అయితే పోత మధ్యలో ఆపితే అతుకు పడతాదమ్మా. ఫౌండ్రీలో పోసేవాడు తుమ్మేదానికి కూడా ఆపడు" అన్నారు. నలభై ఏళ్ళ అనుభవం ముందు నా చదువు ఎంతలే అనుకుని నేను నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం మర్యాద అనుకున్నాను కూడా. అది మర్యాద కాదు, పిరికితనం.

రెండు చేతులతో బకెట్టు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ధార తెగకుండా అంతా ఒక్క పోతలో పోసేశారు. ఎంత అందంగా పోశారో చెప్పలేను. అరగంట తిరక్కుండా పొగ లేచింది. ముందుగది నిండా ఘాటు వాసన. కింద ఇంటాయన పరిగెత్తుకొచ్చి "తీయిర వాసనై వరుదు సార్" అని, కాలుతున్న వాసన వస్తోందని అరవంలో చెప్పి ముక్కు మూసుకున్నాడు. మాకు తెలియనట్టు. రెసిన్ పసుపు పచ్చగా మారి, పటపటమని శబ్దం చేస్తూ నిలువునా పగిలింది. మామగారు వెళ్ళి ఉలి తెచ్చుకున్నారు.

పగిలిన రెసిన్‌ను ఉలితో చెక్కి తీయడానికి పదకొండు రోజులు పట్టింది. పలకలకు గాటు పడకుండా, పిల్లకు జడ చిక్కు తీసినట్టు తీశారు. పన్నెండో రోజు నేను స్కూల్ నుంచి వచ్చేసరికి గది ఊడ్చి ఉంది. కొత్త డబ్బాలు వచ్చి ఉన్నాయి. ఆ కాగితం నా చేతికిచ్చి, "నువ్వు చెప్పినావు, నేను యినలేదు. ఇంక నువ్వు చెప్పు, నేను పోస్తా" అన్నారు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, కోడలితో. ఆ మాటకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ వ్యాసం రాయడానికి నాకు కారణం ఆ ఒక్క మాటే.

ఆ తర్వాత మా ఇంట్లో ప్రతి సాయంత్రం ఒక పాఠం. ఎన్ని పాళ్ళకు ఎన్ని పాళ్ళు కలపాలో నేను చెప్పేదాన్ని, ఆయన కలిపేవారు. చాలు అంటే ఆపేవారు. ఆపేటప్పుడు మాత్రం మొహం ముడుచుకునేది. నలభై ఏళ్ళ అలవాటు ఊరికే వదులుతుందా. మర్నాడు పొద్దున ఆయన చేసే మొదటి పని, బల్ల మూలన ఒకే చోట కుడి బొటనవేలు ఆనించి చూడడం. "పండింది" అనో, "పచ్చిగా ఉండాది" అనో మాకు కబురు చెప్పేవారు, కాయ సంగతి చెప్పినట్టు. ఆ మూల ఆయన కూర్చోవాలనుకున్న మూల.

ఇక ఒక్క పొర మిగిలింది. ఆ పొద్దున బస్సుకు వెళ్ళే తొందరలో ఆయన వేలు ఆనించారు. పైపైన ఇంకా పచ్చి. వేలిముద్ర గీతలతో సహా దిగబడిపోయింది. నేను టిఫిన్ డబ్బా కట్టుకుంటున్నాను. "తొందరపడినాను. పోనీలే, పై పోతలో కలిసిపోతాది" అని నాతో చెప్పి చెప్పులు వేసుకున్నారు. నాతో ఆయన చెప్పిన ఆఖరి మాట అదే.

కర్మలన్నీ అయ్యాక ఒక పొద్దున మా ఆయన ఆ ముద్ర చూశాడు. ఇంక పోయొద్దని, పైన గాజు పలక వేయిద్దామని అన్నాడు. "నాయనది ఆ వేలు ఒకటే మిగిలుండేది." నాకూ అలాగే అనిపించింది. బల్ల మీద దుప్పటి కప్పాం. మళ్ళీ నేల మీదే తింటున్నాం. కుర్చీ ఖాళీగా ఉంది. దుప్పటి కింద బల్ల మధ్యలో నది గట్లకంటే గోరంత లోతుగా ఉండిపోయింది, కంచం పెడితే ఒరుగుతుంది. ఒకరోజు అన్నం తింటూ మా అమ్మాయి, తాత చేసింది మనం తినేదానికి కదా అంది.

బల్ల కింద రెండు సీసాలు ఉన్నాయి. ఆఖరి పొరకు ఎంత కావాలో ఆయన ముందే కొలిచి, సీసాల మీద పెన్నుతో గీతలు గీసి పెట్టారు. నేను చెప్పిన పాళ్ళలోనే, ఒక్క చుక్క తేడా లేదు. పాఠం అంత బాగా నేర్చుకున్న పిల్లవాడు నా క్లాసులో లేడు. సగంలో ఆగిన పోత ఎంత బాగున్నా మళ్ళీ కొలిమికే పోతుందని ఆయన ఫౌండ్రీ కబుర్లలో ఎన్నిసార్లు చెప్పారో. ఆ సీసాలు తెచ్చి మా ఆయన ముందు పెట్టాను. ఈసారి నోరు మూసుకోలేదు. పోద్దాం అన్నాను. ఆయన ఆ గీతల వంక చూసి చూసి, లేచి చొక్కా చేతులు మడిచాడు. "నువ్వు చెప్పు, నేను పోస్తా" అన్నాడు. వాళ్ళ నాయన ఆ మాట అన్నప్పుడు ఆయన ఇంట్లో లేడు.

కొత్త పొర పట్టాలంటే పాతదాన్ని ఎమెరీ కాగితంతో రుద్దాలి. అంతా రుద్దాం, ఆ మూల తప్ప. అరువు తెచ్చిన రసమట్టం పెట్టి చూస్తే బుడగ నడిమధ్యన నిలిచింది. మా ఆయన పోశాడు. ధార మెల్లగా మూల దాకా పాకి, ఆ గుంటలోకి దిగింది. ఒక్కొక్క గీతే కనబడకుండా పోయింది. అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. చెరిగిపోలేదని తనకు చెప్పాను. కిందా పైనా ఒకటే పదార్థం, వెలుతురుకు తేడా తెలియదు, అందుకే మన కంటికి ఆనదు, ముద్ర మాత్రం అక్కడే ఉంది. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పే సంగతే. అయినా తనకు రెండుసార్లు చెప్పాను.

ఇప్పుడు అందరం ఒకే ఎత్తులో కూర్చుని తింటున్నాం. మధ్యలో నది నీళ్ళలాగే ఉంది, కింద నేల మీది గచ్చు పగులు కూడా కనిపిస్తుంది. ఆ మూల కుర్చీలో ఎవరూ కూర్చోరు. పొద్దున్నే కాఫీ తాగబోయే ముందు మా ఆయన అక్కడికి వెళ్ళి, ఎప్పుడో పండిపోయిన ఆ చోట బొటనవేలు ఒకసారి ఆనించి వస్తాడు.