సగం ట్యాంకుకే ఆగిపోయే కారు

మా మామ పోయి నెల తిరక్కముందే మా అత్తకు కాలు నిలవకుండా అయింది.

మామ ఉన్నన్నాళ్ళూ ఆమె మదనపల్లె దాటిపోయింది తక్కువ. ఆయన పోయాక పొద్దున లేచింది మొదలు హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి మిద్దె మీదికి, అక్కడినుంచి మళ్ళీ కిందికి తిరిగేది. ఆరేసిన బట్టల్ని ఆరకముందే తీసి, తడి తగిలాక మళ్ళీ ఆరేసేది. "కూర్చో అత్తా" అంటే కూర్చునేది. నేను తల తిప్పేలోపల లేచిపోయేది. ఏడ్చి ఉంటే ఓదార్చడం తెలిసేది నాకు. ఆమె ఏడవలేదు. తిరిగింది.

ఒకరోజు పొద్దున నేను కాఫీ తీసుకుని వెతుక్కుంటూ పోతే ఇంటి పక్క షెడ్డులో మామ కారు దగ్గర నిలబడి ఉంది. కారు మీద కప్పిన టార్పాలిన్ సగం లాగేసింది.

"పాపా, నీకు డ్రైవింగు వచ్చు గదా?"

వచ్చు. మాది పుంగనూరు. మా నాయన లారీ డ్రైవరు. పెళ్ళికి ముందు, ఊరి బయట కోత అయిపోయిన మళ్ళలో ఆయన నాకు స్టీరింగు నేర్పించాడు. అత్తగారింట్లో ఈ సంగతిని అందరూ తమాషాగానే తీసుకున్నారు. మామ తన కారు తాళం నాకు కాదు గదా, సొంత కొడుక్కే ఎప్పుడూ ఇవ్వలేదు. మా ఆయన కరెంటాఫీసులో గుమాస్తా. చిన్నప్పటినుంచీ ఆ కారును తుడవడమే గాని తోలింది లేదు. కర్మాంతరం అయిన మర్నాడే, "దాన్ని అమ్మేద్దాం" అన్నాడు.

అది పాత హెరాల్డ్. రెండే తలుపులు. బానెట్టు ఎత్తితే ముందు చక్రాల దాకా మొత్తం ముందుకు తిరగబడి ఇంజినంతా బయటపడేది. మామ చెనక్కాయల మండీ నడిపే రోజుల్లో మద్రాసులో ఎవరి దగ్గరో కొన్నాడట. తొంభైల మధ్యకు వచ్చేసరికి మదనపల్లెలో అలాంటి కారు ఇంకొకటి నేను చూడలేదు.

ఆ రోజు అత్తను పక్కన కూర్చోబెట్టుకుని నిమ్మనపల్లె దాకా పోయి వచ్చాను. ఇంటికొచ్చి దిగాక, "రేపు?" అంది.

అట్లా మొదలైంది. మా ఆయన ఆఫీసుకు పోగానే వంట ముగించుకుని ఇద్దరం బయల్దేరేవాళ్ళం. పని ఉండి కాదు. ఒకరోజు హార్స్లీ హిల్స్ కింద దాకా, ఒకరోజు పుంగనూరు దోవలో, ఒకరోజు ఎటు తోస్తే అటు. మాకు పిల్లలు లేరు, ఇంట్లో నాకు మాత్రం ఏముంది? వీధిలో మాట్లాడుకునేవాళ్ళు మాట్లాడుకున్నారు. "మొగుడు పోయి ఏడాది కూడా కాలే, కార్లో షికార్లు" అని కొళాయి దగ్గర ఒకామె నాకు వినపడేటట్టే అనింది. అత్తకూ వినపడింది. మర్నాడు ఆమె ఇంకో గంట ముందే చీర కట్టుకుని కూర్చుంది.

చిక్కల్లా కారుతోనే. పెట్రోలు ముల్లు సగం కిందికి దిగిందంటే చాలు, రెండు మూడు సార్లు దగ్గినట్టు చేసి నిలబడిపోయేది. ట్యాంకులో పెట్రోలు ఉండేది, ఊపితే శబ్దం వినపడేది. డిక్కీలో పెట్టుకున్న క్యాను ఒంపితే మళ్ళీ స్టార్టయ్యేది. మదనపల్లెలో మెకానిక్కు చూపిస్తే "పికప్పు లేదక్కా" అని కార్బురేటరు విప్పి కడిగాడు, ప్లగ్గులు మార్చాడు. వారం తిరక్కుండా మళ్ళీ అదే దగ్గు.

కారు రోడ్డు పక్కన ఆగినప్పుడల్లా అత్త లోపల కూర్చోలేకపోయేది. దిగి ముందుకు నడిచేది. నేను క్యాను ఒంపి స్టార్ట్ చేసుకుని పోయి ఎక్కించుకునేదాన్ని.

"నాకు కుప్పం పోవాలనుండాది" అనింది ఒకరోజు అట్లా ఎక్కుతూ.

కుప్పం దగ్గర పల్లెలో ఆమె చెల్లెలు ఉండేది. చెల్లెలి పెళ్ళయిన కొత్తలో తప్ప అత్త ఆ ఇంటికి పోలేదు. ఎందుకు పోలేదో అప్పుడు చెప్పింది. కారు కొన్న కొత్తలో మామ ఆమెను కుప్పం తీసుకుపోతానని బయల్దేరదీశాడట. పలమనేరు దాటి మిట్ట ఎక్కేటప్పుడు కారు నిలబడిపోయింది. మామ క్యాను ఒంపి, స్టార్ట్ చేసి, ముందుకు పోకుండా వెనక్కి తిప్పాడు. "బండి అంత దూరం పోదు" అన్నాడు. ఇంకోసారి అడిగితే అదే మాట. మూడోసారి ఆమె అడగలేదు.

"మా చెల్లెలి మొగుడంటే ఆయనకు పడేది గాదు. అందుకే బండి మీద పెట్టి అబద్ధం సెప్తాండాడని అనుకుంటి. ఇన్నేండ్లూ అదే అనుకుంటి."

మదనపల్లె మెకానిక్కుతో కాదని నేనూ అత్తా కారును పుంగనూరు తీసుకుపోయాం. మా నాయన చూసి, ఇది ఇంజిను కథ కాదు, ట్యాంకు కథ అన్నాడు. లారీలకు డీజిలు ట్యాంకులు చేసే షెడ్డు ఒకటి ఆయనకు తెలుసు. అక్కడ డిక్కీలోంచి ట్యాంకు దించారు. లోపలినుంచి పెట్రోలు పీల్చే ఇనుప గొట్టాన్ని, వాళ్ళు సక్షన్ పైపు అంటారు, బయటికి లాగితే తుప్పు పొడి రాలింది. షెడ్డాయన దాన్ని గుడ్డతో తుడిచి, ఒక కొసను నోట్లో పెట్టుకుని, ఇంకో కొసను వేలితో మూసి ఊదాడు. గొట్టం నడుమనుంచి గాలి బుస్సుమంది. తుప్పు తిని అక్కడ చిన్న బొక్క పడింది.

"ఇంతేనప్పా" అన్నాడు ఆయన మా నాయనతో. "పెట్రోలు ఈ బొక్కకు పైన ఉన్నంతసేపూ పీలస్తాది. దీనికి కిందికి దిగితే గాలి పీలస్తాది. బండి నిలబడతాది."

అత్త ఆ గొట్టం చేతికి తీసుకుంది. కంటి దగ్గర పెట్టుకుని బొక్కలోంచి చూసింది.

"అయితే ఆయన నిజమే సెప్పినాడు" అంది చివరికి. "నిజమే సెప్పినాడు గానీ, బాగుసేయించచ్చు గదా? ఒక్కసారి ఎవురికన్నా సూపించచ్చు గదా?"

ఆమె ముఖం ఎర్రబడింది. ఆయన పోయాక అప్పుడే మొదటిసారి ఆమె కళ్ళల్లో నీళ్ళు చూశాను. అవి కోపంతో వచ్చినవో, మరెందుకు వచ్చినవో నేను అడగలేదు. గొట్టాన్ని అక్కడి తుక్కు రేకుల మీదికి విసిరేసి షెడ్డు బయట అటూ ఇటూ నడవడం మొదలుపెట్టింది.

పాత ట్యాంకు అడుగంతా తుప్పే. అతుకులు వేసినా నిలవదు, కొత్తది చేయాల్సిందే అన్నారు. "పెద్దది సెయ్" అని అత్త వాకిట్లోంచే కేకేసింది. "మజ్జలో యాడా నిలబడగూడదు."

ట్యాంకు అయ్యేదాకా మేము మా నాయన ఇంట్లోనే ఉంటే, ఆదివారం మా ఆయన బస్సులో పుంగనూరు వచ్చాడు. షెడ్డులో కారు డిక్కీ ఖాళీగా నోరు తెరుచుకుని ఉండడం చూసి మా నాయనతో, "అమ్మాలనుకున్న కారును యాల బాగుసేయిస్తాండారు మామా?" అన్నాడు.

"అమ్మేదానికైనా నడవాల గదప్పా" అన్నాడు మా నాయన.

మా ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, అలవాటుగా అద్దం మీది దుమ్మును చేత్తో తుడిచాడు. తుడిచాక తన చేతిని తానే చూసుకుని పక్కకు జరిగాడు.

కొత్త ట్యాంకు వచ్చింది. పాతది ఒక మూలకు ఒదిగి ఉండేది. ఇది డిక్కీ ఈ కొసనుంచి ఆ కొసకు, పల్చగా, వెడల్పుగా, లారీ ట్యాంకుకు చెల్లెల్లాగా ఉండేది. మదనపల్లె తిరిగొచ్చాక వారం రోజులు ఏ దగ్గూ లేదు. ముల్లు సగం దాటినా, పావుకు వచ్చినా పరుగే. ఇక కుప్పమే అనుకుని, దానికి ముందు ఎత్తు ఎక్కించి చూద్దామని హార్స్లీ హిల్స్‌కు బయల్దేరాం.

ఘాట్ రోడ్డు సగం ఎక్కామో లేదో, ఒక మలుపులో కారు దగ్గింది. నిలబడిపోయింది.

వెనక లోయ. కాలు బ్రేకు మీద పెట్టి, "అత్తా, దిగి ఒక రాయి పెట్టు చక్రం కింద" అన్నాను. ఆమె దిగింది, పెద్ద రాయి దొర్లించుకొచ్చి పెట్టింది. పెట్టి, చేతులు దులుపుకుని, కొండ పైకి నడవడం మొదలుపెట్టింది.

"యాడికత్తా?"

"పైకి. నువ్వు రా వెనక."

నేను డిక్కీ తెరిచి చూశాను. ట్యాంకులో పెట్రోలు ఉంది. ఉంది గాని అంతా వెనక వైపుకు పోయి నిలిచింది. సక్షన్ పైపు ముందు వైపు ఉంది. లారీ ట్యాంకుకు అది సరిపోయేదేమో గాని, ఇంత పల్చటి ట్యాంకులో కారు ఎత్తు ఎక్కగానే పైపు కొస గాలిలో మిగిలింది. మళ్ళీ గాలి పీల్చడమే. బొక్క లేకుండానే.

కారును గేరులో పెట్టి రాయి తీసి, దాన్ని వెనక్కే జార్చుకుంటూ ఒక చదును దాకా దించేసరికి నా జాకెట్టు తడిసి వీపుకు అంటుకుపోయింది. చదునులో స్టార్టయింది. క్యానులో ఉన్నదంతా పోసి పైకి పోతే, అత్త నాలుగైదు మలుపుల అవతల, చెంగు నడుముకు దోపుకుని, ఎవరో తరుముతున్నట్టు నడుస్తూ ఉంది. ఎక్కించుకోడానికి ఆపితే నా వైపు చూసి నవ్వింది. "ఆగుంటే నాకు ఊపిరాడదు పాపా. ఏం జేసేది" అంది.

మళ్ళీ పుంగనూరు. షెడ్డాయన తల గోక్కున్నాడు. మా నాయన, ఆయన, నేను ముగ్గురం కూర్చుని వాదించుకున్నాం. చివరికి ట్యాంకు అడుగున నడిమధ్యలో చిన్న గిన్నెలాగా ఒక గుంట వేసి, సక్షన్ పైపును అందులోకి దించారు. ఎత్తు ఎక్కినా దిగినా ఆఖరి పెట్రోలు ఆ గుంటలోనే నిలవాలి. పైపు కొసకు జల్లెడ, లోపల పెట్రోలు అటూ ఇటూ కొట్టుకోకుండా అడ్డంగా ఒక రేకు పెట్టారు. ఈసారి హార్స్లీ హిల్స్ పైదాకా ఆగకుండా ఎక్కాం. అత్త పైన దిగనైనా దిగలేదు. "సరే, పద. రేపు కుప్పం" అంది.

మర్నాడు పలమనేరు దాటి ఆ మిట్ట ఎక్కేటప్పుడు ఆమె రెండు చేతులతో ముందు డ్యాష్‌బోర్డు పట్టుకుంది. కారు ఎక్కింది. పైకి వచ్చాక చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. అడివి, ఆ తరవాత వెంకటగిరికోట, సంత రోజేమో రోడ్డు నిండా జనం, ఎడ్లు. మధ్యాహ్నానికి ఆమె చెల్లెలింటి ముందు ఆపాను.

చెల్లెలు తల మాసి, చేతులనిండా పచ్చటి ఆకు వాసనతో బయటికొచ్చింది. అక్కను చూసి నిలబడిపోయింది. తరవాత, "పురుగు నాలుగో జరం లేసిండాదక్కా, ఆకేసే టైము. లోపలికి రా, మాట్లాడుకుంటా యేద్దాం" అంది. అంతే. కౌగిలింతలు లేవు. వాళ్ళు పట్టుపురుగులు పెంచేవాళ్ళు. పురుగు మేత మాని పొర విడవడాన్ని జరం అంటారు.

షెడ్డులో తట్టల మీద తెల్లటి పురుగులు ఆకు నములుతుంటే వాన పడుతున్నట్టు సన్నగా శబ్దం. ఇంత ఆకు వేస్తే అంతా నమిలేసి మళ్ళీ తలలెత్తేవి. పగలూ రాత్రీ వేస్తూనే ఉండాలి, తట్టలు శుభ్రం చేస్తూనే ఉండాలి, తోటలోంచి ఆకు కోసుకొస్తూనే ఉండాలి. మా అత్త చెంగు దోపుకుంది. ఒక తట్టనుంచి ఇంకో తట్టకు, ఇంకో తట్టనుంచి మరోదానికి పోతూనే ఉంది. ఆ సాయంత్రం తిరిగి బయల్దేరుదామంటే, "పురుగు గూడు కట్టేదాకా ఉంటా పాపా" అంది. అర్ధరాత్రి ఆకు తానే వేస్తానని చెల్లెలితో చెప్పేసింది. ఎలాగూ నిద్ర పట్టదు గదా.

నేను ఒక్కదాన్నే వచ్చాను. పెళ్ళయ్యాక ఒక్కదాన్నే అంత దూరం పోవడం అదే మొదలు. ఇంటికొస్తే మా ఆయన గేటు దగ్గరే, "అమ్మ యాడ?" అన్నాడు. చెప్పాను. "ఎప్పుడొస్తాది?" అన్నాడు. పురుగు గూడు కట్టాక అన్నాను.

పురుగు గూడు కట్టింది. గూళ్ళు అమ్మేశారు. మళ్ళీ కొత్త పురుగులు వచ్చాయి. అత్త రాలేదు. పండగకో పెళ్ళికో వచ్చినా రెండో రోజుకే, "పాపా, నన్నాడ దించేసిరా" అనేది. అక్కడ ఆమె ఒళ్ళు కాస్త నిండింది. నిద్ర కూడా ముక్కలు ముక్కలుగా పట్టేదట, ఆకుకూ ఆకుకూ మధ్యన.

ఇక్కడ మదనపల్లెలో, వంటయి, మా ఆయన పోయాక, నేను హాల్లోంచి వంటింట్లోకి, అక్కడినుంచి మిద్దె మీదికి తిరగడం మొదలుపెట్టాను. ఆమె ఉన్నప్పుడు ఆమెను కూర్చోబెట్టడమే నాకు పనిగా ఉండేది. ఇప్పుడు నన్ను కూర్చోమనేవాళ్ళు లేరు. కారు తీసుకుని ఊరికే పుంగనూరు పోయేదాన్ని. "ఏం పాపా, మళ్ళీ ఏమైంది ట్యాంకుకు?" అని మా నాయన డిక్కీ తెరవబోయేవాడు. ఏం కాలేదంటే, నా ముఖంలోకి చూసి, డిక్కీ మూసి, కాఫీ పెట్టమని మా అమ్మకు కేకేసేవాడు. మా ఆయన అమ్మే మాట మానేశాడు గాని, "మాయమ్మ జబ్బు నీకంటుకునిండాది" అనేవాడు.

రెండువేల సంవత్సరం దాటాక కుప్పం వైపు వరసగా వానల్లేవు. వాళ్ళ బోరు ఎండింది, ఇంకోటి వేస్తే అదీ ఎండింది. మల్బరీ తోట పుల్లలైపోయింది. షెడ్డు మూసేశారు. ఫోను వస్తే నేను పోయాను. అత్త గుడ్డల సంచి పట్టుకుని వాకిట్లో తయారుగా ఉంది. ఖాళీ తట్టలు గోడకు ఆనించి ఉన్నాయి. చెల్లెలు కారు దాకా వచ్చి, చేత్తో కారు పైకప్పును రెండుసార్లు తట్టి వెనక్కి పోయింది.

వెంకటగిరికోట వచ్చేదాకా అత్త సంచి మూతిని ముడేస్తూ విప్పుతూ ఉంది. కూడలి దగ్గర నేను మా దోవకు తిప్పబోతే, "ఆ పక్క దోవ యాడికి పోతాది?" అంది.

"కోలారుకు."

"ఇప్పుడే ఇంటికి పోయి ఏం జేసేది పాపా?"

నేను ముల్లు చూశాను. పావు దగ్గర ఉంది. కోలారు దోవకు తిప్పాను. దోవలో పెట్రోలు పోయించుకుని, కోలారులో ఒక హోటల్లో మసాలా దోసెలు తిని, బజార్లో ఊరికే తిరిగి, పొద్దు మునిగాక మదనపల్లె చేరాం. మా ఆయన పెరుగన్నం కలుపుకుని తింటున్నాడు. వాళ్ళమ్మను చూసి లేవబోయాడు. "తిను, తిను" అని ఆమె వంటింట్లోకి పోయింది. గిన్నెలు సర్దుతున్న శబ్దం వినపడింది. మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, నన్ను చూసి, "రేపు ఆదివారమే గదా, నేనూ వస్తా" అన్నాడు. యాడికి అని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.