రంగు పట్టిన చోటు

రాయ్‌పూర్ గుఢియారీ పేటలో సత్తిరాజు అనుమానం తెలియనివాళ్లు లేరు. పాలలో నీళ్లు కలిపావని పాలవాడితో తగువు. ఏ రోజైనా చిక్కగా ఉంటే ఇవాళ ఇంకేం కలిపావని మళ్లీ తగువు. విజయనగరం వైపునుంచి కుర్రతనంలోనే రాయ్‌పూర్ వచ్చి, రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్ల ఇరుసులు పరీక్షించే పనిలో కుదురుకున్నాడు. ఇరుసుకి ఎర్రరంగు పూసి తుడిచేస్తే, పగులున్న చోట రంగు నిలిచిపోతుంది. ఇక ఆ ఇరుసు కండెమ్, తుక్కులోకి పోవాల్సిందే. అనుమానం అక్కడ బాగానే పనికొచ్చింది. ఇంట్లో పెళ్లాం గంగాభవానికే ప్రాణసంకటమైంది.

పంతొమ్మిది వందల తొంభై నాలుగులో అతనికి అన్నం సయించడం మానేసింది. గంగాభవాని పోరుపెట్టి దేవేంద్ర నగర్‌లో కడుపు డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. అక్కడి నర్సు విజయకుమారిది కాకినాడ.

"గొట్టంలోంచి కడుపులో నీలంరంగు చల్లి కడిగేస్తారండి, బాబాయ్ గారూ. లోపలి పొర మారిన చోట రంగు ఉండిపోద్ది. అక్కడ చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు. ఉత్తినే చూస్తే సరిగ్గా తెలీదండి" అంది.

రంగెందుకు వేస్తారో సత్తిరాజుకి తెలియదా! రంగు పట్టిందంటే తనూ కండెమే. పనికిరాడని డాక్టరు రాసేస్తే ఆ ఉద్యోగం కొడుక్కిస్తారు. కొడుకు పరదేశి చదువైపోయి ఖాళీగా తిరుగుతున్నాడు. పెళ్లాం ఎందుకింత పట్టుబట్టిందో అప్పుడర్థమైందనుకున్నాడు. అయినా భయపడ్డాడంటారని పౌరుషానికి పోయి గొట్టం మింగాడు.

మర్నాడు మూత్రం పచ్చగా, ఆకుపసరులా వచ్చింది.

"ఓలమ్మో, ఏటి పోసీసినారే నా కడుపులోన!" అని వీధంతా వినేలా అరిచాడు.

"ఆ రంగు అలాగే పోతాదని నర్సమ్మ ముందే సెప్పింది" అంది గంగాభవాని.

"నీకే సెప్పిందేం? మీరూ మీరూ ఒకటైపోనారా?" అన్నాడు. ఆ రోజంతా ఆమె చేతి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

ముక్క పరీక్ష రిపోర్టు వచ్చాక మళ్లీ వెళ్లారు. క్యాన్సర్ లేదన్నాడు డాక్టరు హిందీలో. రంగు నిలిచిన రెండుచోట్ల మాత్రం పొర మారింది, అది ముందుముందు క్యాన్సర్ కావచ్చు, కాకపోనూ వచ్చు. మందులు వాడి, ఏటా ఒకసారి చూపించుకుంటూ ఉండాలి, డ్యూటీకి నిక్షేపంగా వెళ్లొచ్చు అన్నాడు. సత్తిరాజు ఒక్క ముక్కా నమ్మలేదు. రంగు పట్టిన ఇరుసుని మళ్లీ బండికి ఎవడు తగిలిస్తాడు? మెల్లిగా ముంచడానికే ఈ తీపి మాటలు. ఇంక ఆ గుమ్మం తొక్కేది లేదని అక్కడే అనేసుకున్నాడు.

తిరిగొస్తూ రిక్షాలో ఉండబట్టలేక కక్కేశాడు.

"నిజం సెప్పు. నా నౌకరీ పరదేశిగాడికి ఇప్పించాలనే కదా నన్నిక్కడికి తెచ్చినావు?"

గంగాభవాని అతని మొహంలోకి చూసింది. కోపం రాలేదు, కళ్లు మాత్రం నిండిపోయాయి.

"నువ్వు సచ్చిపోయినా ఆడికి నౌకరీ ఇస్తారయ్యా. అదే నాకు కావాలంటే, నువ్వు కూడు మానేసినప్పుడే ఊరుకుందును కదా. డాక్టరెందుకు?"

సత్తిరాజుకి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. రిక్షా రైలుపట్టాలు దాటి గుఢియారీలోకి వచ్చింది. అప్పుడు, "మళ్లీ ఎప్పుడు రమ్మన్నాడే?" అని అడిగాడు.