పదకొండు మంది మొదటివాళ్ళు

గేటత్త ఒకే ఒక్క విషయంలో అబద్ధాలాడేది. ఊరు ఎలా పుట్టిందని ఎవరడిగినా, అడిగినవాడి తాతే పుట్టించాడని చెప్పేది. రైలు గేటు వెయ్యడం, తియ్యడం ఆవిడ ఉద్యోగం. గేటు పడి ఉన్నంతసేపూ కథ నడిచేది. రైలు ఆలస్యమైతే తాత ఇంకాస్త పొడుగయ్యేవాడు.

“మొదటి గుడిసె మీ తాతదేరా. ఒంటిచేత్తో దూలం ఎత్తాడు,” అని దర్జీకి చెప్పింది. “ఎవరితోనూ అనకు. కుళ్ళుకుంటారు.”

దర్జీ అనలేదు. ముప్ఫై ఏళ్ళు ఛాతీ ముందుకు పెట్టుకుని నడిచాడు. ఆ నడకకు సరిపడా తన చొక్కాలు రెండంగుళాలు వదులుగా కుట్టుకున్నాడు.

ఏ పటంలోనూ లేని పల్లె అది, మొత్తం పన్నెండు ఇళ్ళు. పటంలో చేరుస్తామని ఒక గుమాస్తా వచ్చి ఊరి పుట్టుక చెప్పమన్నాడు. వడ్రంగి తన తాతే మొదట వచ్చాడన్నాడు. పాలవాడేమో, కాదు, తన తాతేనన్నాడు. సాయంత్రానికి పదకొండు ఇళ్ళకీ పదకొండు మంది మొదటివాళ్ళు తేలారు. గుమాస్తా పొట్ట పట్టుకుని నవ్వాడు. దర్జీకి తల కొట్టేసినట్టయింది.

మంచాన పడి ఉన్న గేటత్త దగ్గరికి విసవిసా వెళ్ళాడు.

“నిజం చెప్పత్తా. మా తాతెవరు?”

“తెలీదురా,” అందావిడ.

ఆ తర్వాత అసలు సంగతి చెప్పుకొచ్చింది. పట్టాలు వేసే కూలీలు ఇక్కడ డేరాలు వేసుకున్నారు. జ్వరాలొచ్చి చాలామంది పోయారు. బతికినవాళ్ళు భయపడి పారిపోయారు. పన్నెండు మంది పిల్లలు మిగిలారు. అందరిలోకీ పెద్దది తనే, పదమూడేళ్ళది.

“మీ నాన్నకి రెండేళ్ళు. ప్రతి డేరాకీ వేలు చూపించి అమ్మా అనేవాడు. ఎవరి బిడ్డో చెప్పేవాళ్ళు లేరు. పెద్దయ్యాక మా నాన్నెవరని అడిగితే, తెలీదని ఏ నోటితో చెప్పనురా?”

దర్జీ ఆవిడ దుప్పటి అంచు సరిచేస్తూ కూర్చుండిపోయాడు.

నాలుగో రోజు ఆవిడ పోయింది. ఆ పొద్దున రైలు వెళ్ళిపోయినా, గేటు తీసినా, జనం చాలాసేపు అక్కడే నిలబడ్డారు.

గుమాస్తా మళ్ళీ వచ్చాడు. “పదకొండు మందిలో ఎవర్ని రాయను?”

“అందర్నీ రాయండి,” అన్నాడు దర్జీ.

“మరి పన్నెండో ఇంటి పెద్దావిడ తాత?”

దర్జీ గతుక్కుమన్నాడు. అందరికీ తాతల్ని పంచిన మనిషి తనకొకణ్ణి ఉంచుకోలేదు. బట్టలు ఎప్పుడిస్తానన్న విషయంలో తప్ప జన్మలో అబద్ధమాడని దర్జీ గొంతు సవరించుకున్నాడు.

“మా తాతలు వచ్చేసరికి ఆయన పొయ్యి వెలిగించి, అన్నం వండి, వాళ్ళ కోసం కూర్చుని ఉన్నాడు.”

“అంటే ఆయనే ముందొచ్చినట్టు కదా? మొన్న మీ తాతే మొదటివాడన్నారు?”

“మా తాతే మొదటివాడు,” అన్నాడు దర్జీ. “ఆయన ఇంకొంచెం ముందు.”

గుమాస్తా అతని ముఖంలోకి ఒకసారి చూసి, అలాగే రాసుకున్నాడు.