గడపకు అడ్డంగా పడుకున్న మామ

మా మామ చెయ్యి విరిగినప్పుడు పచ్చికట్టె విరిచినట్టు చప్పుడైంది. సదర్ పండుగ సాయంత్రం, లాల్‌దర్వాజా గల్లీ అంతా డప్పులతో దద్దరిల్లుతోంది. అయినా ఆ చప్పుడు అరుగు మీద నిలబడ్డ నాకు వినబడింది.

దూరదేశాల్లో పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులవి. మా ఇళ్ళది పాల వ్యాపారం. దీపావళి వెళ్ళిన మర్నాడు మేము దున్నపోతులను కడిగి, నూనె పట్టించి, కొమ్ములకు రంగులేసి, మెడలో గవ్వల దండలు కట్టి ఊరేగిస్తాం. ఎవరి దున్న ముందు నడవాలన్నది ఏటేటా తగువే. ఆ ఏడు మాది ముందుంది. వెనక గల్లీ పాలవాడు, మనిషి దున్నకు తీసిపోడు, తాగి వచ్చి తన దున్నను పక్కనుంచి తోశాడు. రెండూ కొమ్ములు కలిపాయి. జనం గోడలకు అతుక్కుపోయారు. మామ నడుమకు వెళ్ళి మా దున్న పగ్గం పట్టి వెనక్కి లాగాడు.

"నువ్వే ముందు పో తమ్మీ, ఏం పోయింది" అన్నాడు.

ఆ మాట వాడికి ఎగతాళిలా తోచిందేమో, లాఠీ ఎత్తి కొట్టాడు. మొదటి దెబ్బ ముంజేతి మీద, రెండోది భుజం మీద. కింద పడ్డాక కాలితో తన్నాడు. మామ నోటినిండా రక్తం, మన్ను. నలుగురు పట్టి లాగితే గానీ వాడు వదల్లేదు. మామ కొడుకు, అదే మా ఆయన, ఆ వేళకు మలక్‌పేటలో ఉన్నాడు; పండుగైనా పబ్బమైనా పాలు పోయక తప్పదు కదా.

ఎముకలు కట్టే పహిల్వాన్ వచ్చి వెదురుబద్దలు పెట్టి కట్టు బిగించాడు. మామ పళ్ళు కొరుక్కున్నాడు గానీ కేక వెయ్యలేదు. "ఎముక ఇరిగింది బిడ్డా. నేను ఇరగలే" అన్నాడు నాతో. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఈ ఓర్పంతా జహనుమాలో ఉండే ఒక మౌల్వీసాబ్ అంటించిన జబ్బు. ఆయనది ఇంగ్లీషు పుస్తకాలను ఉర్దూలోకి మార్చే కొలువు. మామ ఏళ్ళ తరబడి ఆ ఇంటికి పాలు పోశాడు. పోసి ఊరుకోక, ఆయన చదివి వినిపించేదంతా వింటూ కూర్చునేవాడు. వేల ఏళ్ళ కిందట గ్రీకు దేశంలో రివాఖీలని ఉండేవారట. రివాఖ్ అంటే స్తంభాల వసారా. అక్కడ కూర్చుని మాట్లాడుకునేవారు గనక ఆ పేరు. వాళ్ళ దారిలో నడిచినవారిలో ఒక కుంటి బానిసా ఉన్నాడట, ఒక పాదుషా ఉన్నాడట. ఇద్దరిదీ ఒకటే మాట: లోకంలో కొన్ని మన వశంలో ఉంటాయి, కొన్ని ఉండవు. లేనివాటి కోసం కుమిలిపోకు, ఉన్న మనసును చెడగొట్టుకోకు. పాదుషాకేం, ఎన్నైనా చెప్తాడు, బర్రె తన్నేది ఆయన్ను కాదుగా అనేదాన్ని నేను.

మామ నవ్వేవాడు. తెల్లారి పాలు పితకబోయే ముందు పైకే అనుకునేవాడు: "ఇయ్యాల ఒక బర్రె తంతది. ఒక ఇంట్ల నీళ్ళు కలిపినవంటరు. ఇంకోడు దొంగ అంటడు." పొద్దుగూకేలోపు అవన్నీ జరిగేవి. "ముందే అనుకున్నం కద, గిప్పుడు ఫికర్ ఏంది?" అనేవాడు. పొంగిపోయిన పాలకూ అదే మాట, చచ్చిన దూడకూ అదే మాట. పెళ్ళయిన ఏడాదికే మా ఆయన నన్ను కొట్టడం మొదలుపెడితే దానికీ అదే మాట. "వాని కోపం వాని రోగం బిడ్డా. దెబ్బ ఒంటికి తాకుతది, మనసుకు తాకనియ్యకు." మనసు సంగతి దేవుడెరుగు, దవడ మాత్రం వాచేది. ఒడ్డున కూర్చున్నవాళ్ళు ఈత గురించి ఎన్నైనా చెప్తారు. ఆ వసారా మనుషులంటే నాకు అసహ్యం పుట్టింది.

దీపాలు పెట్టే వేళకు మా ఆయన వచ్చాడు. గల్లీ మొదట్లోనే ఎవరో చెప్పేశారు. వస్తూనే చూరులోంచి కొడవలి లాగాడు.

"వాన్ని నరికి వస్త!"

పోతే రెండే దారులు. ఈయన వాణ్ణి నరికి ఉరికంబం ఎక్కాలి, లేదంటే వాడి అన్నదమ్ములు ఈయన్ను నరికి గల్లీలో పడెయ్యాలి. ఎటు చూసినా పోయేది నా బొట్టే. అయినా ఉన్నమాట చెప్పాలి, మామ నోట్లో మన్ను చూశాను గనక, నాలో ఒక మూల వాడి తల తెగాలనే ఉంది.

మామ మంచం దిగాడు. కట్టు కట్టిన చేతిని గుండెకు హత్తుకుని, వెళ్ళి గడపకు అడ్డంగా పడుకున్నాడు. పడుకున్న మనిషిని దాటకూడదంటారు. కన్నతండ్రిని దాటినవాడి ముఖం మా ఇళ్ళల్లో ఎవరూ చూడరు.

"పో కొడుకా. నన్ను దాటి పో."

"జరుగు బాపు! మన ఇజ్జత్ పోయింది."

"ముసలోన్ని కొట్టినోని ఇజ్జత్ పోయింది. నాకు పోయింది ఒక్క చెయ్యే."

మా ఆయన పాలబిందెను తన్నాడు. కొడవలితో గుంజను నరికాడు, చెక్కలు లేచాయి. బయట ఇరుగుపొరుగు మూగారు. వాళ్ళు మూగినకొద్దీ ఈయన గొంతు పెరిగింది. "ఇయ్యాల రక్తం పారాలె" అని అరిచాడు, తల గోడకేసి కొట్టుకున్నాడు. గడప మాత్రం దాటలేదు. చివరికి కొడవలి కింద పారేశాడు. జనం ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. నాకు పోయిన ప్రాణం లేచివచ్చింది.

జొన్నరొట్టె, మాంసం పళ్ళెంలో పెట్టి ముందు ఉంచాను. "లొల్లి అయిపోయింది కద, ఇంత తినుండ్రి" అన్నాను.

పళ్ళెం ఎగిరి గోడకు తగిలింది. వెంటనే నా చెంప మీద దెబ్బ పడింది. రోలు మీద పడితే నుదురు చిట్లింది. జుట్టు పట్టుకుని లేపి మళ్ళీ కొట్టాడు, నడుం మీద తన్నాడు. వెనక గల్లీవాడికి చేరాల్సినవన్నీ నాకు చేరాయి. నాకు మాత్రం గడపకు అడ్డంగా ఎవరూ పడుకోలేదు.

"మామా," అన్నాను నోట్లో రక్తంతోనే. "ఇది గూడ మన వశంల లేనిదేనా? నన్ను ఓర్చుకొమ్మంటివి. మరి వీనికి ఏం చెప్తవు?"

మొగుణ్ణి 'వీడు' అనడం అదే మొదలు.

మామ నా నుదురు చూశాడు. మంచి చేత్తో ద్వారబంధం పట్టుకుని లేచాడు. ఆయనకు కోపం రాగా నేను అంతవరకు చూడలేదు.

"నా మీద పడ్డది నేను ఓర్చుకుంట, అది నా ఇష్టం బిడ్డా. నీ మీద పడ్డదాన్ని ఓర్చుకొమ్మననీకె నేనెవన్ని? తప్పు చెప్పిన."

తర్వాత కొడుకు వైపు తిరిగాడు. గడప మీదినుంచి పక్కకు జరిగి, భుజంతో తలుపు రెండు రెక్కలూ బార్లా తోశాడు.

"పో. ఇగ అడ్డం ఎవ్వరు లేరు. నన్ను కొట్టినోడు వెనక గల్లీలనే ఉన్నడు. పోయి వాన్ని కొట్టు. ఇంట్లున్న ఆడపిల్లను కొట్టుడు కాదు."

కొడవలి మా ఆయన కాళ్ళ దగ్గరే ఉంది. దాని వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. గల్లీలో మనిషి జాడ లేదు. ఉరికంబం, బొట్టు, ఆ ఘడియలో నాకేవీ గుర్తు లేవు. పోతాడనే అనుకున్నాను. పోతే ఆపేదాన్ని కూడా కాదు.

మా ఆయన మెల్లగా గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు:

"తలుపెయ్యి బాపు. చలి పెడుతున్నది."